బుగ్గ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కరెంటు (రేడియేషన్): మెడకు ఒకవైపా, రెండువైపులా?

గుంటూరు కుర్రాడు:
మా నాన్నకు ఎడమ బుగ్గలో క్యాన్సర్. గడ్డతో పాటు ఆ వైపు మెడ గ్రంథులూ తీసేశారు. రిపోర్టులో గడ్డ 3 సెం.మీ., అంచులు క్లియర్. దవడ కింద ఒక్క గ్రంథిలోనే క్యాన్సర్ ఉంది, అదీ పొర దాటలేదు. ఒక డాక్టరుగారు మెడకు రెండువైపులా కరెంటు పెడదామంటున్నారు, ఇంకొకరు ఎడమవైపు చాలంటున్నారు. ఏం చేయమంటారు?

రేడియేషన్ పీజీ:
నా ఓటు ఎడమవైపుకే. బుగ్గ నుంచి లింఫ్ (గ్రంథుల్లోకి పారే ద్రవం) ఎక్కువగా అదే వైపు మెడలోకి దిగుతుంది. శ్రీకాకుళం వైపు అడ్డపొగ (చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని) తాగేవాళ్లకు వచ్చే అంగిలి క్యాన్సరైతే ఈ మాట అనేవాణ్ణి కాదు, అది నడిమధ్యకు దగ్గర. పక్కకు ఉన్న టాన్సిల్ గడ్డలకు టొరంటోలో 228 మందికి ఒకవైపే ఇచ్చి 2001లో ఫలితాలు రాశారు. అవతలి మెడలో తిరగబెట్టింది 8 మందికే.

పాత కాపు:
టాన్సిల్ లెక్క తెచ్చి బుగ్గకు అంటగడితే ఎలా తమ్ముడూ? అక్కడ సగం మందికి పైగా మెడ గ్రంథుల్లో క్యాన్సరే లేదు. ఇక్కడ ఒకటి పాజిటివ్. పైగా మనవాళ్లు కాస్త తగ్గగానే చెకప్ మానేస్తారు. మళ్లీ వచ్చేసరికి అవతలి గడ్డ నిమ్మకాయంత అయి ఉంటుంది. అప్పుడు ఆపరేషన్ ఎవరు చేస్తారు?

విశాఖ ఫిజిసిస్ట్:
ప్లాన్ వేసే మనిషిగా నా గోడు వినండి. ఎడమవైపుకు 30 సిట్టింగుల్లో 60 గ్రే (కిరణాల మోతాదు కొలత), కుడివైపుకు 54 అడిగితే, కుడి పరోటిడ్ (చెవి ముందరి లాలాజల గ్రంథి) సగటు 26 గ్రే లోపు ఉంచడానికి కిరణాల మోతాదును చోటునుబట్టి మార్చే ఐఎమ్ఆర్‌టీలో తంటాలు పడతాను. ఒక్కోసారి కుదురుతుంది. కానీ కుడి దవడ కింది లాలాజల గ్రంథి కరెంటు పడాల్సిన చోటు చుట్టూ గీసిన గీతల లోపలే ఉండిపోతుంది. ఏమీ తిననప్పుడు, ముఖ్యంగా రాత్రిపూట నోటిని తడిపేది ఎక్కువగా అదే. ఒకవైపే అయితే ఈ గొడవే లేదు. చెకప్‌కు రారన్న భయంతో అందరి నోరూ ఎండబెడతామా?

పాత కాపు:
అందరికీ అనలేదే. గ్రంథి ఒక్కటే అయి, గడ్డ నోటి అడుగుకు గానీ పెదవి మధ్యకు గానీ పాకకపోతే ఒకవైపుకు నేనూ ఒప్పుకుంటా. రెండు మూడు గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్నా, ఒక్కటి పొర దాటినా మాత్రం ఒప్పుకోను.

గుంటూరు కుర్రాడు:
నోటి అడుగు తాకలేదని రిపోర్టులో ఉంది సార్. సోమవారం కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా పట్టే మాస్కు చేస్తారట.

రేడియేషన్ పీజీ:
ఆలోపు పళ్ల డాక్టరుకు చూపించారా? పీకాల్సినవి ఇప్పుడే పీకించి, ఆ గాయం మానడానికి రెండు వారాలైనా ఇవ్వాలి. కరెంటు పడ్డ దవడలో తర్వాత పన్ను పీకితే ఎముక కుళ్లే ప్రమాదం ఉంది.