రాత్రిళ్లు నడుము నొప్పితో అమ్మకు నిద్ర పట్టడం లేదు

ప్రశ్న (చిత్తూరు):
మా అమ్మకు 71 ఏళ్లు. పగలు వంటింట్లో తిరుగుతున్నంతసేపు నొప్పిని ఓర్చుకుంటుంది గానీ, రాత్రి రెండు గంటల వేళ పక్కకు ఒత్తిగిలబోయేసరికి నడుము పట్టేసి మెలకువ వస్తోంది. ఇక తెల్లవారేదాకా గోడకు ఆనుకుని కూర్చునే ఉంటుంది. మూడు నెలలుగా ఇదే పరిస్థితి. పడుకునేది పాత నవారు మంచం మీద. మందుల దుకాణంలో ఇచ్చిన డైక్లోఫెనాక్ మాత్ర వేసుకుంటే కాస్త నిద్ర పడుతోంది, కానీ ఆమెకు బీపీ ఉంది. బెల్టు కట్టుకోమని కొందరు, మంచం దిగవద్దని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు 1 (ఫిజియోథెరపిస్టు, తిరుపతి):
కదలకుండా పడుకున్నా నొప్పి ఉంటోందా, తిరిగినప్పుడే వస్తోందా అన్నది ముందు అమ్మగారిని అడగండి. తిరిగినప్పుడు పట్టేసి, అనువుగా పడుకోగానే తగ్గితే అది ఎక్కువగా కీళ్లు, కండరాలు, డిస్కులకు సంబంధించినదై ఉంటుంది. ఎలా పడుకున్నా తగ్గకపోయినా, జ్వరం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా డాక్టరుకు చూపించడంలో ఆలస్యం చేయవద్దు. కాళ్లలో బలం తగ్గినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నవారు వదులైన మంచంలో నడుము గుంతలో పడినట్లు కుంగుతుంది కనుక, పక్కకు తిరగాలంటే ఒళ్లంతా పైకి లేపుకోవలసి వస్తుంది. బల్ల మంచం మీద ఓ మోస్తరు గట్టి పరుపు వేయండి. నేల మీద మాత్రం పడుకోబెట్టవద్దు, ఆ వయసులో లేవడమే కష్టం. పక్కకు పడుకున్నప్పుడు మోకాళ్ల మధ్య దిండు ఉంచండి. తిరిగేటప్పుడు మోకాళ్లు మడిచి, భుజాలూ తుంటీ ఒక్కసారిగా కదిలేలా దొర్లాలి. లేచేటప్పుడు ముందు పక్కకు తిరిగి, కాళ్లు కిందికి జార్చి, చేత్తో మంచాన్ని నొక్కుతూ కూర్చోవాలి. ఇది పగలే నాలుగైదు సార్లు చేయించి అలవాటు చేయండి.

దీర్ఘకాలిక నడుము నొప్పికి బెల్టులు మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మంచం పట్టి ఉంటే కండరాలు ఇంకా సడలుతాయి. ఆ మాత్ర బీపీని పెంచగలదు, మూత్రపిండాలకు, కడుపుకూ హాని చేయగలదు. డాక్టరును అడగకుండా రోజూ వేయవద్దు.

జవాబు 2 (తిరుపతి):
మా నాన్నకు ఇలాగే వస్తే, చూపించిన చోట వయసు ప్రభావమని చెప్పి పంపించారు, మేమూ నమ్మి నెలన్నర ఊరుకున్నాం. మరొక చోట ఎక్స్‌రే తీస్తే ఒక వెన్నుపూస కుంగినట్లు తేలింది. ఎముకలు గుల్లబారితే బిందె ఎత్తినా అలా జరగవచ్చట. ఆడవారిలో ముట్లుడిగాక ఈ సమస్య ఎక్కువ. అమ్మగారు ఈ మధ్య వంగిపోయినట్లు, ఎత్తు తగ్గినట్లు అనిపిస్తోందా? తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఎముకల వైద్యానికే ఉంది, ఒకసారి తీసుకురండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మను అడిగాను, తిరిగినప్పుడే నొప్పి అంటోంది. అయితే ఎత్తు సంగతి చదివాక ఒకటి తట్టింది. దేవుడి గూట్లో దీపం పెట్టడానికి కొన్నాళ్లుగా మునివేళ్ల మీద లేస్తోంది, నిరుడు అలా లేచేది కాదు. సోమవారం తిరుపతికి తీసుకువస్తున్నాను.