అభ్రగపతిం… మన్నింపడా, బన్నింపడా?

నల్లగొండ నుంచి:
ఒక పద్యపాదం నాలుగు రోజులుగా వదలడం లేదు. డిగ్రీ పిల్లలకు లినక్స్ ల్యాబ్ నోట్సు తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్ తెరవగానే బాష్ (మనం కొట్టే కమాండ్లను నడిపే షెల్) చదువుకునే ఫైళ్ల దగ్గర కలం ఆగింది. డాట్ ప్రొఫైల్, డాట్ బాష్‌ఆర్‌సీ చేసే పనికి ఒక మంచి క్రియ కావాలి. షెల్ మన చేతికి వచ్చేలోపే పాత్ (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా), అలియాస్‌లు (కమాండ్లకు పెట్టుకునే పొట్టి పేర్లు), ప్రాంప్టు అన్నీ తయారుగా పెట్టడం అన్నమాట. "సెట్ చేయు" అని రాసి కొట్టేశాను. అప్పుడు పోతన గజేంద్రమోక్షంలోని "సిరికిం జెప్పడు" పద్యంలో అభ్రగపతి, అంటే గరుత్మంతుడి దగ్గరి మాట మెదిలింది. నోటికి "మన్నింపడు" అనే వస్తోంది కానీ, మా సారు వేరేగా చెప్పినట్టు గుర్తు. ఏది సరైనది?

పాలమూరు నుంచి:
బన్నింపడు. అనుమానమే లేదు. పాదం "పరివారంబును"తో మొదలవుతోంది, మత్తేభానికి యతి పద్నాలుగో అక్షరం. వేళ్ల మీద లెక్కపెట్టండి: తిం పదమూడు, బ పద్నాలుగు. పకు బతో యతి చెల్లుతుంది, మతో చెల్లదు. "పతిన్" మీది ద్రుతం వల్ల పన్నింపడు కాస్తా బన్నింపడు అయింది. పోతన యతి తప్పాడని ఎట్లా అనుకుంటాం?

దేవరకొండ నుంచి:
యతి అందరికీ తెలిసిందే. అర్థం చెప్పండి. పన్ను అంటే సన్నద్ధం చేయడం. పాత కావ్యాల్లో రథం పన్నుతారు, ఏనుగును పన్నుతారు. ఇక్కడ పన్నించు ప్రేరణార్థకం, ఇంకొకరితో చేయించడం. కాబట్టి నోట్సులో ఫైలు పన్నుతుంది, మనం పన్నిస్తాం. ఈ తేడా వదలొద్దు.

పాలమూరు నుంచి:
గరుడుడు పక్షులకు రాజు. ఆయనకు జీను వేయిస్తారా? "సిద్ధం కమ్మని చెప్పడు" అనే అర్థమే నాకు సబబు.

దేవరకొండ నుంచి:
తర్వాతి పద్యం "తన వెంటన్ సిరి" చూడండి. ముందు లక్ష్మి, ఆమె వెంట అంతఃపురం, దాని వెనుక పక్షీంద్రుడు. ఎవరూ చెప్పకుండానే వచ్చాడు. అంటే ముందు పద్యంలో స్వామి మానేసింది వాహనాన్ని సిద్ధం చేయించే లాంఛనాన్ని. ఆ వరుస చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. పరుగు ఎక్కడా చెప్పకుండా పరుగెత్తించాడు బమ్మెర కవి.

నల్లగొండ నుంచి:
వరుస అన్నారు కాబట్టి చెప్తున్నా, నా తిప్పలు కూడా వరుసే. బాష్ లాగిన్ షెల్‌గా, అంటే లాగిన్ అయినప్పుడు లేచే షెల్‌గా వస్తే ముందు ఈటీసీ ఫోల్డర్‌లోని ప్రొఫైల్ చదువుతుంది. తర్వాత హోమ్‌లో డాట్ బాష్ ప్రొఫైల్, డాట్ బాష్ లాగిన్, డాట్ ప్రొఫైల్, ఈ మూడింట్లో ముందు దొరికిన ఒక్కదాన్నే. ఉబుంటు డెస్క్‌టాప్‌లో మామూలుగా తెరిచే టెర్మినల్ లాగిన్ షెల్ కాదు, హోమ్‌లో డాట్ బాష్‌ఆర్‌సీ మాత్రమే చదువుతుంది. మొన్న ఒకమ్మాయి పాత్ వరుసలో పాత విలువను, అదే డాలర్ పాత్‌ను, వదిలేసి తన ఫోల్డర్ ఒక్కటే రాసింది. కొత్త విండోలో ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కొడితే "కమాండ్ దొరకలేదు". పాపం కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎల్ఎస్‌ను పూర్తి దారితో పిలిచి చూపిస్తే గానీ కుదుటపడలేదు. ఇట్లాంటి చోట "పన్నడంలో పొరపాటు" అంటే ఎంత సూటిగా ఉంటుంది!

వనపర్తి నుంచి:
పిల్లలకు పన్ను అంటే పంటి పన్ను, ఇంటి పన్ను. క్రియగా అయితే కుట్ర పన్నడం, ఉచ్చు పన్నడం. మంచి అర్థం జారిపోయి చాలా కాలమైంది. మా అమ్మ పొద్దున్నే "సామాను సదురు" అంటుంది. సదిరే ఫైలు అంటే ఎవరికి తెలియదు?

దేవరకొండ నుంచి:
సదరడం చెల్లాచెదురైన వాటికి. ఇక్కడ బయలుదేరేముందు ఆయత్తం చేయడం కావాలి. అసలు బాష్‌ఆర్‌సీలోని ఆర్‌సీ అన్నది కూడా "రన్‌కామ్"కు కుదింపు. 1960లలో ఎంఐటీ వాళ్ల సీటీఎస్‌ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో, ఫైలులో రాసిన కమాండ్లను వరుసగా నడిపే సదుపాయం అది. అక్కడా పాత మాటే బతికింది, మనమెందుకు వదలాలి?

పాలమూరు నుంచి:
ఒక సంగతి గమనించారా? స్క్రిప్టు (కమాండ్లు రాసిపెట్టిన ఫైలు) నడిపేటప్పుడు బాష్ మామూలుగా ఈ ఫైళ్లేవీ చదవదు, నేరుగా పనిలోకి దిగుతుంది. "బన్నింపడు" అచ్చంగా అక్కడ సరిపోతుంది. నోట్సులో పద్యం పెడితే ఆ పేజీలో పెట్టండి.

నల్లగొండ నుంచి:
అక్కడే పెడతాను. క్రియ మాత్రం తేలలేదు. సోమవారం క్లాసులో పన్నడం, సదరడం రెండూ చదివి వినిపిస్తా.

వనపర్తి నుంచి:
వినిపించి రాయండి. అదే పాదంలో "జీరడు" దగ్గర కూడా ఆగండి. చీరు అంటే పిలవడమని చెప్పకపోతే పిల్లలు చింపడం అనుకుంటారు. "పరివారంబునుం జీరడు" అని సున్నతో పాడేవాళ్లను విన్నాను. బుకు తర్వాతి ను మీద సున్న ఉంటే గణం ఏమవుతుంది?

పాలమూరు నుంచి:
భగణం పోతుంది. ను లఘువే.