స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా గంటకు పది నిమిషాలు వెనకబడుతున్న అమెరికా కరెంటు గడియారం

ప్రశ్న (మలక్‌పేట నుంచి)

మా పెదనాన్నగారు 1950ల చివర్లో చికాగోలో చదువు ముగించుకుని వస్తూ తెచ్చుకున్న టెలిక్రాన్ బల్ల గడియారం అటక మీద ఇన్నేళ్లు ఉండిపోయి, మొన్న ఇల్లు మారేటప్పుడు నా చేతికి వచ్చింది. వెనక రేకు మీద 110–120 వోల్టులు, 60 సైకిళ్లు, 2 వాట్లు అని ఉంది. కోఠీ గుజరాతీ గల్లీలో 230 నుంచి 110 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొన్నాను. ఆ 60 సైకిళ్ల సంగతి ఏమిటని అడిగితే, అది పాతకాలపు రాత, పట్టించుకోనక్కర్లేదని దుకాణాయన అన్నారు. గడియారం వెంటనే తిరిగింది, శబ్దం కూడా లేదు. కానీ ఉదయం ఎనిమిదింటికి సరిచేసి పెడితే మధ్యాహ్నం రెండింటికి ఒంటిగంటే చూపించింది. లోపల నూనె ఎండిపోయి పళ్ల చక్రాలు బిగుసుకున్నాయా? వోల్టేజి ఇంకాస్త పెంచితే వేగం పెరుగుతుందా?

జవాబు 1 (పద్మారావునగర్ నుంచి)

నా దగ్గర ఇంగ్లండు నుంచి వచ్చిన స్మిత్స్ సెక్ట్రిక్ గడియారం ఉంది. దానిని ఏ ట్రాన్స్‌ఫార్మరూ లేకుండా నేరుగా గోడ ప్లగ్గులో పెడతాను, సమయం బాగానే చూపిస్తుంది. కాకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ వెనక ఉన్న మీటను వేలితో తిప్పితే తప్ప కదలదు. అందువల్ల మీ గడియారంలో ఉన్నది నూనె లోపమే అని నా అభిప్రాయం. ట్రాన్స్‌ఫార్మర్ బరువు ఎందుకనుకుంటే తీగకు వరుసలో ఒక కెపాసిటర్ పెట్టి కూడా వోల్టేజి తగ్గించుకోవచ్చు.

జవాబు 2 (రామంతాపూర్ నుంచి)

పై సలహాలో రెండు పొరపాట్లు ఉన్నాయి, ఏమీ అనుకోవద్దు. స్మిత్స్ గడియారం ఇక్కడ సరిగ్గా నడవడానికి కారణం, ఇంగ్లండులోనూ మన దగ్గరా కరెంటు 50 సైకిళ్లదే (అంటే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్) కావడం. అమెరికాలో అది 60. ఈ గడియారాల్లో ఉన్నది సింక్రనస్ మోటారు. అది వోల్టేజిని చూసి వేగం తేల్చుకోదు, కరెంటు సెకనుకు ఎన్నిసార్లు దిశ మార్చుకుంటుందో దాన్నిబట్టే తిరుగుతుంది. 60 సైకిళ్ల మీద నిమిషానికి 3600 చుట్లు తిరగవలసిన రోటారు (మోటారులో తిరిగే భాగం) ఇక్కడ 3000 చుట్లే తిరుగుతుంది, అంటే ఆరింట అయిదు వంతులు. గంటకు పది నిమిషాలు పోవడం ఆ లెక్కే. సందేహముంటే ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి సెకన్ల ముల్లును చూడండి. ఒక చుట్టుకు కచ్చితంగా 72 సెకన్లు పడితే నూనె నిర్దోషి. బిగుసుకున్న గడియారం అంత నియమంగా ఆలస్యం కాదు.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుంది, సైకిళ్లను ఎంతమాత్రం మార్చదు. వోల్టేజి పెంచితే వేగం పెరగకపోగా మోటారులోని తీగ చుట్ట వేడెక్కుతుంది. నిజానికి 50 సైకిళ్ల మీద ఆ చుట్టకు 120 బదులు 100 వోల్టులే సరిపోతాయి. ఇక కెపాసిటర్ ఆలోచన మానుకోండి. దానితో గడియారం గోడ కరెంటు నుంచి విడిపడదు, పైగా కెపాసిటరూ చుట్టా కలిసి వోల్టేజిని మీరనుకున్న దానికంటే పైకి తీసుకుపోయే ప్రమాదం ఉంది. లోహపు పెట్టె ఉన్న వస్తువుతో ఆ పని అసలే వద్దు.

ఈ జాతి గడియారాలు పుట్టిందే సైకిళ్ల లెక్క మీద. టెలిక్రాన్ గడియారాన్ని రూపొందించిన హెన్రీ వారెన్ 1916లో బోస్టన్‌లోని విద్యుత్కేంద్రంలో ఒక మాస్టర్ గడియారం పెట్టించి, జనరేటర్లను దానికి అనుగుణంగా నడిపించాడు కాబట్టే ఇళ్లలోని గడియారాలు సమయం తప్పకుండా నడిచాయి. దక్షిణ కాలిఫోర్నియాలో చాలా ప్రాంతాలు 1948 దాకా 50 సైకిళ్ల మీదే ఉండి, తర్వాత 60కి మారాయి. అక్కడి వాళ్లకు వచ్చిన చిక్కు మీదానికి సరిగ్గా తలకిందులు.

జవాబు 3 (ఈసీఐఎల్ నుంచి)

టెలిక్రాన్‌లో రోటారు, దాని చిన్న పళ్ల చక్రాలు నూనెతో సహా మూసిన డబ్బాలో ఉంటాయి కాబట్టి పళ్లు మార్చడం ఇంట్లో అయ్యే పని కాదు. లోపలి యంత్రం తీసేసి బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ యంత్రం పెట్టే మెకానిక్‌లు ఉన్నారు. అలా చేస్తే మీకు మిగిలేది పెదనాన్నగారి గడియారం పెట్టె మాత్రమే.

మిగిలిన మార్గం 60 సైకిళ్ల కరెంటును మనమే పుట్టించుకోవడం. రెండు వాట్లే కనుక ఇది పెద్ద పని కాదు. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ (సెకనుకు 1.2 కోట్ల సార్లు కంపించే చిన్న భాగం) ఉన్న మైక్రోకంట్రోలర్ చిప్‌తో ఆ కంపనాలను రెండు లక్షలతో భాగిస్తే సరిగ్గా 60 వస్తుంది. దానిని గోడ కరెంటులా నున్నగా ఎగసిపడే సైన్ తరంగంగా మలిచి, 24 వోల్టుల అడాప్టర్‌తో నడిచే టీడీఏ2030 అనే యాంప్లిఫయర్ చిప్‌కు ఇవ్వండి. దాని ఔట్‌పుట్‌ను, మధ్యలో ఒక పెద్ద కెపాసిటర్ పెట్టి, మామూలు 230/12 ట్రాన్స్‌ఫార్మర్‌లో 12 వోల్టుల వైపు కలిపితే 230 వైపు నుంచి మనకు కావలసింది వస్తుంది. గడియారాన్ని కలిపి ఉంచి, మీటరుతో చూస్తూ, 110కీ 120కీ మధ్య నిలిచేలా సర్దండి. చతురస్ర తరంగంతోనూ తిరుగుతుంది కానీ గుయ్యిమంటుంది. అడాప్టర్ 24 వోల్టులదే అయినా అవతలి కొసన ఉన్నది ప్రాణం తీయగల వోల్టేజి అని మరవకండి.

ఇందులో ఒక లాభం కూడా ఉంది. మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.90 నుంచి 50.05 దాకా కదలవచ్చు, రోజంతా 49.90 దగ్గరే ఉంటే గ్రిడ్‌ను నమ్ముకున్న గడియారం దాదాపు మూడు నిమిషాలు పోగొట్టుకుంటుంది. మామూలు క్రిస్టల్ తప్పు రోజుకు ఒకటి రెండు సెకన్లకు మించదు. అన్నిటికంటే ముందు పాత రబ్బరు తీగను తీసిపారేయండి.

ప్రశ్న అడిగినవారు

స్టాప్‌వాచ్‌తో మూడుసార్లు చూశాను, మూడుసార్లూ 72 సెకన్లే. తీగను వంచగానే రబ్బరు ఇటుక పొడిలా రాలింది; ఇన్నాళ్లూ దానిని ప్లగ్గులో పెట్టి నిద్రపోయాననుకుంటే ఇప్పుడు భయం వేస్తోంది. కొత్త తీగ, ఒక ఫ్యూజు వేయించాను. ఎలక్ట్రానిక్స్ చదువుతున్న మా మేనల్లుడు మూడు ఆదివారాలు కూర్చుని ఆ సర్క్యూట్ చేసిపెట్టాడు. నిన్న రాత్రి మీటరులో 116 వోల్టులు చూపించింది, సెకన్ల ముల్లు 60 సెకన్లకు ఒక చుట్టు వచ్చింది. కరెంటు పోయి వస్తే డయల్‌లో ఎర్ర చుక్క కనిపించే ఏర్పాటు ఇందులో ఉంది. అడాప్టర్‌ను ఇంట్లో ఇన్వర్టర్ లైనుకు కలిపినందువల్ల సాయంత్రం అరగంట కరెంటు పోయినా ఆ చుక్క పడలేదు.