రోత్కో చాపెల్ ప్రార్థనా స్థలమా, ఆర్ట్ గ్యాలరీనా?

గోదారిగట్టు:
అమెరికాలో హ్యూస్టన్‌లో ఉన్న మా అన్నయ్య వాళ్లింటికి వెళ్లినప్పుడు రోత్కో చాపెల్ (చాపెల్ అంటే చిన్న ప్రార్థనామందిరం) చూశాను. ఎనిమిది పలకల ఇటుక కట్టడం, కిటికీలు లేవు. లోపల బూడిదరంగు గోడలకు మార్క్ రోత్కో వేసిన 14 పెద్ద కాన్వాసులు, కూర్చోడానికి బెంచీలు. శిలువ లేదు, విగ్రహం లేదు, ఏ మతంవాళ్లయినా రావచ్చు. నా మటుకు అది ఆర్ట్ గ్యాలరీయే. చమురు బావులకు సర్వీసులందించే వ్యాపారంలో సంపద ఉన్న డి మెనిల్ దంపతులు తమకు నచ్చిన చిత్రకారుడి చేత వేయించి కట్టించారు. మన గుడిలో గంట కొడతాం, ప్రదక్షిణ చేస్తాం, తీర్థం పుచ్చుకుంటాం. అక్కడ నలుపును చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేముంది?

మంజీర:
నలుపు అని తేల్చేశారు గానీ, ఎంతసేపు కూర్చున్నారు? సగం కాన్వాసుల్లో మెరూన్ అంచుల మధ్య నల్లటి దీర్ఘచతురస్రం, మిగతా సగం ముదురు ఊదా. పైకప్పు నుంచి వచ్చే వెలుతురే దిక్కు కాబట్టి మబ్బు పట్టగానే ఊదా కాస్తా నలుపులో కలిసిపోతుంది. ఎండ రాగానే కుంచె తిప్పిన జాడలు పైకి తేలతాయి. తొందరపడితే ఇవేవీ కనపడవు.

1964లో ఈ పని ఒప్పుకున్నాక రోత్కో న్యూయార్క్ స్టూడియోలోనే చాపెల్ గోడలను అసలు కొలతలతో నిలబెట్టుకున్నాడు. వెలుతురు మెత్తబడాలని పైన పారాచూట్ గుడ్డ కట్టాడు. ఎత్తయిన పైకప్పు కావాలన్న ఆర్కిటెక్ట్ ఫిలిప్ జాన్సన్‌తో పడలేదు. చివరికి జాన్సన్ తప్పుకున్నాడు, బార్న్‌స్టోన్, ఆబ్రీ అనే వేరే ఆర్కిటెక్టులు పూర్తిచేశారు. 1971 ఫిబ్రవరిలో తలుపులు తెరిచేసరికి రోత్కో చనిపోయి ఏడాదయింది. అమ్ముకోవడానికి బొమ్మలు గీసేవాడు పైకప్పు కోసం అంత పట్టుబట్టడు.

హ్యూస్టన్‌వాసి:
మంజీర గారూ, ఆ వెలుతురు గురించే ఒక మాట. న్యూయార్క్ వెలుతురులో వేసిన బొమ్మలకు టెక్సస్ ఎండ ఎక్కువైంది. దాన్ని ఆపడానికి పైన అడ్డు వేలాడదీస్తే గది చీకటిగుయ్యారమైంది. పైకప్పులో కొత్త స్కైలైట్ (వెలుతురు కోసం అద్దాల కిటికీ) పెట్టి 2020లో తెరిచేదాకా రోత్కో అనుకున్న గదిని ఎవరూ సరిగ్గా చూడలేదు. అయినా ఆ చీకట్లోనే జనం వచ్చి కళ్లు మూసుకుని కూర్చున్నారు. అందుకే బొమ్మలకంటే ఆ చోటును జనం వాడుకున్న తీరే నాకు ముఖ్యం. బయట నీటి కొలనులో బార్నెట్ న్యూమన్ అనే కళాకారుడు చేసిన విరిగిన స్తంభం శిల్పం ఉంది చూశారా? దాన్ని మార్టిన్ లూథర్ కింగ్‌కు అంకితమిస్తామంటే నగరపాలకులు ఒప్పుకోలేదు. డి మెనిల్ దంపతులు తామే కొని అక్కడ పెట్టించారు. 1991లో నెల్సన్ మండేలా ఆ చాపెల్‌కు వచ్చి మాట్లాడారు. మేం పండగలకు హ్యూస్టన్ పక్కనున్న పేర్‌ల్యాండ్ మీనాక్షి గుడికే వెళ్తాం, దానికి ఇది బదులు కాదు. కానీ మనసు బాగోలేని రోజు పేరు, గోత్రం అడగని చోటు ఒకటుండటం నాకు చాలా అవసరం.

గోదారిగట్టు:
పెద్దలు వచ్చి మాట్లాడితే అది సభామందిరం అవుతుంది. సరే, 2024 సంగతి చెప్పండి. బెరిల్ తుపానుకు పైకప్పు దెబ్బతిని కొన్ని కాన్వాసులకు నీళ్లు తగిలాయి. డిసెంబరు దాకా మూసేశారు. యాదాద్రిలో 2016 నుంచి 2022 దాకా గుడి తిరగకడుతుంటే బాలాలయంలో (తాత్కాలిక గుడిలో) పూజలు ఒక్కరోజూ ఆగలేదు. ప్రార్థనే ప్రధానమైతే బొమ్మలు బాగుచేసినన్నాళ్లు ఇంకో గదిలో బెంచీలు వేయొచ్చుగా?

మంజీర:
మంచి ప్రశ్న. నా సమాధానమూ అందులోనే ఉంది. ఆ 14 కాన్వాసులు, ఆ ఎనిమిది గోడలు, పైనున్న వెలుతురు మూడూ కలిస్తేనే అది చాపెల్. ఇంకో గదిలోకి ఆవాహన చేసే వీలు లేదు, అది దాని పరిమితి, ఒప్పుకుంటాను. కానీ గ్యాలరీలో బొమ్మ పాడైతే ఏం చేస్తారు? స్టోరులోంచి ఇంకోటి తెచ్చి తగిలించి మర్నాడే తలుపులు తీస్తారు. వీళ్లు నెలల తరబడి తలుపులు మూసుకున్నారు గానీ ఆ గోడ మీద వేరే బొమ్మ పెట్టలేదు. మూలవిరాట్టు విషయంలో మనం పాటించే పట్టింపు ఇదే కదండీ?