బ్రష్షు, సబ్బు, పాత రేజర్: మారినవాళ్లు కాస్త చెప్పండి

హయత్‌నగర్_చిన్నా:
అందరికీ నమస్తే. కాలేజీ రోజుల నుంచి మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ రేజరే వాడుతున్నాను. మెడ మీద ఎర్రటి పొక్కులు పోవడం లేదు. గీసుకున్న మర్నాటికల్లా వెంట్రుక లోపలికి మెలిపడి గుచ్చుకుంటోంది. స్కిన్ డాక్టర్ గారు ఒకే బ్లేడు ఉండే పాతకాలం రేజర్ వాడి చూడమన్నారు. ఎలాగూ మారుతున్నా కదా, బ్రష్షు, సబ్బుతో సహా పూర్తిగా మారిపోదామని ఉంది. ఏ రేజర్‌తో మొదలుపెట్టాలి? సబ్బా, క్రీమా? బ్రష్షు ఎలాంటిది కొనాలి? ఆఫీసు పని మీద తరచూ విమానంలో తిరుగుతుంటాను, బ్లేడ్లు తీసుకెళ్లనిస్తారా? మాది బోరు నీళ్లు, అది కూడా మనసులో పెట్టుకుని చెప్పండి.

ఒంగోలు_పాతరేజర్:
ఇప్పటికైనా వచ్చారు, సంతోషం. మూడు బ్లేడ్లు, ఐదు బ్లేడ్లు అనేదంతా మాయ. ముందు బ్లేడు వెంట్రుకను పైకి లాగుతుంది, వెనక బ్లేడు కోస్తుంది, మిగిలిన మొన చర్మం కిందికి జారిపోతుంది. మళ్లీ పెరిగేటప్పుడు దానికి బయటికి దారి దొరకదు. ఉంగరాల వెంట్రుకలైతే ఇంకా బాధ. కింగ్ క్యాంప్ జిలెట్ 1904లో పేటెంట్ తీసుకున్న రేజర్‌కి ఒకటే బ్లేడు, రెండు అంచులు. అమ్మకం మొదలుపెట్టిన 1903లో పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. ఆ పై ఏడాదే 90 వేల రేజర్లు దాటాయి. జనం ఊరికే కొన్నారా? నా దగ్గర జర్మనీ రేజర్లు మెర్కూర్ 34సి, మూలే ఉన్నాయి, సబ్బు ఇటలీ ప్రొరాసో. ఈ గ్రూపులో నాకంటే ఎక్కువ రకాల బ్లేడ్లు వాడినవాళ్లు ఉంటే చెయ్యెత్తండి.

కాజీపేట_జంక్షన్:
తమ్ముడు అడిగింది తను ఏం కొనాలని. మీ షోకేసులో ఏమున్నాయని కాదు అన్నా 🙂
చిన్నా, బజార్లో దొరికే మామూలు స్టీల్ రేజర్ చాలు. అసలు పని నీ చేతిలో ఉంది. కార్ట్రిడ్జ్‌కి అలవాటుపడినవాళ్లు రేజర్‌ని చెంపకేసి నొక్కుతారు. దీన్ని నొక్కావంటే రక్తమే. దాని బరువు దానికి చాలు, నువ్వు పట్టుకుని జరుపు, అంతే. బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండేలా పిడి పట్టుకుని చిన్న చిన్నగా లాగు. ఇక మెడ సంగతి: రెండు రోజులు గడ్డం పెరగనిచ్చి వేలితో తడిమి చూడు. చాలామందికి మెడ కింద వెంట్రుక పైకో పక్కకో పెరుగుతుంది. మనం చూసుకోకుండా అలవాటుగా పై నుంచి కిందికి లాగేస్తాం. మొదటిసారి వెంట్రుక వాలిన వైపే లాగు. రెండోసారి కావాలంటే అడ్డంగా. పొక్కులు పూర్తిగా తగ్గేదాకా ఎదురు గీయొద్దు. నున్నగా రాలేదని బాధపడకు, ఆ నున్నదనమే నీ పొక్కులకి మూలం.

ఒంగోలు_పాతరేజర్:
మామూలు రేజర్ అంటున్నారు గానీ, తల సరిగ్గా కూర్చోని రేజర్‌లో బ్లేడు ఒకవైపు ఎక్కువ బయటికి వస్తుంది. ఆ వైపే కోసుకుంటారు. కొనేముందు బ్లేడు బిగించి రెండు వైపులా సమానంగా కనిపిస్తోందా అని చూడండి. ఫెదర్ బ్లేడు జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు, జపాన్ వాళ్లది, చాలా పదును. సెవెనోక్లాక్, ఆస్ట్రా లాంటివాటితో చెయ్యి కుదిరాక చూడొచ్చు.

మణికొండ_టవర్స్:
అసలు పాయింట్ ఎవరూ పట్టుకోలేదు. నీళ్లు! బోరు నీళ్లతో ఇటలీ సబ్బైనా ఒకటే, గుడ్డల సబ్బైనా ఒకటే. నురుగు లేచినట్టే లేచి ముఖం మీదే ఆరిపోతుంది. ముందు ఒక టీడీఎస్ మీటర్ కొనుక్కోండి. మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల కమిటీ నేనే చూస్తాను. 500 దాటితే సబ్బు మర్చిపోండి.

తెనాలి_మాస్టారు:
మణికొండ గారూ, టీడీఎస్ వేరు, కఠినత్వం వేరు. మీ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలన్నింటినీ కలిపి లెక్క చెబుతుంది. సబ్బును చంపేవి కాల్షియం, మెగ్నీషియం మాత్రమే. అవి సబ్బులోని స్టియరిక్ ఆమ్లంతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. బకెట్ అంచున పేరుకుంటుందే, అదే. తాగునీటికి మన దేశంలో ఉన్న ఐఎస్ 10500 ప్రమాణంలో కూడా ఈ రెండూ వేర్వేరు వరుసల్లో ఉంటాయి. టీడీఎస్‌కి 500, కఠినత్వానికి 200, లీటరుకి మిల్లీగ్రాముల్లో.

మణికొండ_టవర్స్:
పుస్తకం చదివి చెప్పడం తేలిక సర్. రోజూ నీళ్లు కొలిచేది నేను. టీడీఎస్ ఎక్కువున్న చోటల్లా నురుగు రాదు, కళ్లారా చూస్తున్నా.

తెనాలి_మాస్టారు:
మీ అపార్ట్‌మెంట్‌లో ఉప్పు బస్తాలు పోసే సాఫ్ట్‌నర్ ఉందా? ఉంటే దానికి ముందొకసారి, తర్వాతొకసారి కొలవండి. అది కాల్షియం తీసుకుని బదులుగా సోడియం వదులుతుంది. నురుగు బ్రహ్మాండంగా వస్తుంది, మీ మీటర్ అంకె మాత్రం దాదాపు కదలదు. కొలిచాక వచ్చి చెప్పండి.

మణికొండ_టవర్స్:
అంటే మీటర్ అమ్మేవాళ్లంతా దొంగలా? ఊళ్లో అందరూ కొనుక్కుంటున్నది పిచ్చెక్కా?

కడప_కారం:
ఎందుకింత రచ్చ సామీ. నీళ్లు కాచుకోండి, నురుగు అదే వస్తుంది. మా ఇంట్లో అంతే.

తెనాలి_మాస్టారు:
కాచితే పోయేది తాత్కాలిక కఠినత్వమే, బైకార్బొనేట్ల వల్ల వచ్చేది. సల్ఫేట్లు, క్లోరైడ్లు ఎంత మరిగించినా పోవు. మీ ఊరి నీళ్లలో మొదటి రకం ఎక్కువేమో, అందుకే మీకు పనిచేసింది.

అన్నవరం_ఎక్స్‌ప్రెస్:
పటిక వేస్తే? మా అమ్మమ్మ బిందెలో పటిక తిప్పేది, నీళ్లు అద్దంలా ఉండేవి.

తెనాలి_మాస్టారు:
పటిక మట్టిని అడుక్కి దింపుతుంది, కఠినత్వాన్ని తగ్గించదు. పటికతో నీళ్ల మీద చేసిన పెద్ద పనంటే నల్లగొండ పద్ధతి. నాగపూర్‌లోని నీరి సంస్థవాళ్లు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసేందుకు రూపొందించారు. అది వేరే లెక్క.

నల్లగొండ_బిడ్డ:
మాస్టారూ, మీరు చెప్పింది నిజమే. కానీ గడ్డం నురుగు కోసం కొట్టుకునే చోట మా ఫ్లోరైడ్ తేవడం నాకు నచ్చలేదు. ఆ నీళ్లు తాగి నడుములు వంగిపోయినోళ్లు మా ఇంట్లోనే ఉన్నరు. మీకు అది ఉదాహరణ.

తెనాలి_మాస్టారు:
అయ్యా, తేలిక చేసే ఉద్దేశం అసలు లేదు. పటిక ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్పాను. నొప్పి కలిగితే మన్నించండి.

మణికొండ_టవర్స్:
చూశారా, మాస్టారు ఎక్కడెక్కడికో తీసుకెళ్తారు.

కాజీపేట_జంక్షన్:
ఇద్దరూ ఆగండి. చిన్నా, నీకు కావాల్సింది ఇది: ఇంట్లో ఆర్వో నీళ్లుంటే అర గ్లాసు పక్కన పెట్టుకో. బ్రష్షు తడపడానికి, నురుగు చేయడానికి ఆ నీళ్లు చాలు. ముఖం కడుక్కోవడానికి బోరు నీళ్లే వాడుకో. ముందు క్రీముతో మొదలుపెట్టు, బాదంపప్పంత తీసుకుంటే సరిపోతుంది. సబ్బైతే బ్రష్షును దాని మీద అర నిమిషమైనా గట్టిగా తిప్పాలి, తర్వాత చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ పోవాలి. కొత్తవాళ్లు నీళ్లు ఒకేసారి పోసేస్తారు, బుడగలొస్తాయి, అది నురుగు కాదు. పెరుగులా చిక్కగా, మెరుస్తూ ఉండాలి.

గుంటూరు_గోపురం:
బ్రష్షు గురించి ఎవరూ చెప్పట్లేదు. చౌకగా దొరికే బ్రష్షుల్లో చాలావాటివి పంది వెంట్రుకలని తెలిసింది. మా ఇంట్లో మాంసం ముట్టం. నాన్నగారు జీవితమంతా అదే వాడారా అని ఆలోచిస్తేనే ఎలాగో ఉంది.

ఒంగోలు_పాతరేజర్:
బ్రష్షు మీద ‘బోర్’ అని రాసి ఉంటే అది పందే. బ్యాడ్జర్ ఇంకో జంతువు, తడిస్తే మొదట్లో వాసన కొడుతుంది. రెండూ వద్దనుకుంటే సింథటిక్ తీసుకోండి. ఇప్పుడు వచ్చేవి మెత్తగా ఉంటున్నాయి, నానబెట్టక్కర్లేదు, తొందరగా ఆరుతాయి. జంతువుల వెంట్రుకలే గొప్ప అనేవాళ్లకి ఒక చరిత్ర చెబుతా: మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సరిగ్గా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకల బ్రష్షుల వల్ల సైనికులకి ఆంత్రాక్స్ సోకింది.

గుంటూరు_గోపురం:
ఆంత్రాక్స్ మాట నేను అడగలేదండీ. ఇప్పుడు ఇంకో టెన్షన్.

చార్మినార్_చాయ్:
సెలూన్‌కి పోతే అయిపోయే పనికి ఇన్ని పోస్టులా? మా గల్లీ అన్న బ్లేడు సగానికి విరిచి కత్తిలో పెట్టి ఐదు నిమిషాల్లో చేసేస్తాడు. చివర్లో పటిక రుద్ది, తల మీద రెండు దెబ్బలు కూడా కొడతాడు.

కడప_కారం:
ఆ సగం బ్లేడు మీ కళ్ల ముందే ప్యాకెట్‌లోంచి తీస్తున్నాడా చూసుకో సామీ. హెపటైటిస్ బి రక్తం ద్వారా కూడా వస్తుంది. ఆ పటిక ముక్క కూడా అందరి ముఖాలకీ అదే.

డల్లాస్_రామం:
పాత బ్లేడ్లు ఏం చేస్తున్నారు? ఇక్కడ పాత ఇళ్లల్లో బాత్రూమ్ అద్దాల బీరువా వెనక సన్నటి చీలిక ఉంటుంది. వాడిన బ్లేడు అందులో వేస్తే గోడ లోపలే పడిపోతుంది. ఇల్లు కూల్చినప్పుడు తుప్పు పట్టిన బ్లేడ్లు కుప్పలుగా బయటపడతాయి.

కాజీపేట_జంక్షన్:
మనవాళ్లు చెత్తబుట్టలో విడిగా పారేస్తారు, మున్సిపాలిటీ వాళ్ల వేళ్లు తెగుతాయి. మూతకి గాటు పెట్టిన టిన్ను డబ్బా ఒకటి పెట్టుకోండి, నిండటానికి ఏళ్లు పడుతుంది. నిండాక టేపు చుట్టి, మీద రాసి ఇవ్వండి.

అన్నవరం_ఎక్స్‌ప్రెస్:
మా ఇంట్లో పాత బ్లేడు వృథా అయ్యేదే కాదు. పెన్సిళ్లు చెక్కడానికి ఒకటి, కుట్లు విప్పడానికి ఒకటి. అది సరే గానీ, మంగళవారం గీసుకోకూడదంటారు, ఆఫీసువాళ్లు ఏం చేస్తున్నారు?

చార్మినార్_చాయ్:
మంగళవారం మా అన్న షాపు బంద్. ప్రాబ్లం సాల్వ్.

హయత్‌నగర్_చిన్నా:
థాంక్స్ అందరికీ. సింథటిక్ బ్రష్షు, క్రీము ఆర్డర్ పెట్టాను. విమానం సంగతి ఎవరూ చెప్పలేదు.

డల్లాస్_రామం:
అమెరికాలో నియమం స్పష్టంగా ఉంది. కార్ట్రిడ్జ్ రేజర్ చేతి బ్యాగులో పెట్టుకోవచ్చు. మీరు కొంటున్న రకం అయితే రేజర్‌కి అభ్యంతరం లేదు, బ్లేడు మాత్రం ఉండకూడదు. ఇండియాలో కూడా విడి బ్లేడ్లు చెక్-ఇన్ బ్యాగులోనే వేసుకోండి. ఒక్క చేతి బ్యాగుతోనే తిరిగేవారైతే దిగిన ఊళ్లో కిరాణా కొట్టులో ఒక ప్యాకెట్ కొనుక్కోండి, మనకి ఎక్కడైనా దొరుకుతాయి.

భద్రాచలం_రోడ్:
మధ్యలో వచ్చాను, ఏమనుకోకండి. అయ్యప్ప మాల తీశాక 41 రోజుల గడ్డం ఈ రేజర్‌తో పోతుందా?

కాజీపేట_జంక్షన్:
నేరుగా పెడితే బ్లేడు మొత్తం వెంట్రుకలతో నిండిపోయి పీకుతుంది. ముందు ట్రిమ్మర్‌తోనో కత్తెరతోనో పొట్టిగా చేసి, స్నానం అయ్యాక మొదలుపెట్టు స్వామీ. ఆ రోజు కొత్త బ్లేడు వెయ్యి.

మణికొండ_టవర్స్:
సాఫ్ట్‌నర్ ముందూ తర్వాతా కొలిచాను. ముందు 910, తర్వాత 925. మీటర్ బ్యాటరీ మార్చి మళ్లీ చూస్తాను.