చెవిలోని జోరీగ: 'రీ' దీర్ఘమా, హ్రస్వమా?

బ్రాడీపేట: "చెప్పులోని రాయి చెవిలోని..." తర్వాత మా నాన్నగారు 'జోరిగ' అని చదివేవారు, 'రి' పొట్టిగా. పుస్తకాల్లో జోరీగ. నిన్న లాం దగ్గర గేదె మీద పట్టిన ఈగ ఫొటో పెట్టాను. వేమన చెప్పింది దీన్నేనా?

తెనాలి: దీర్ఘమే. జోరు + ఈగ, ఉత్వసంధి. ఇందులో చర్చేముంది?

మంగళగిరి: ఛందస్సు మాత్రం మీకు సాయం రాదు మాస్టారూ. ఆటవెలది మొదటి పాదం చివర ఇంద్రగణం. జోరీగ త గణం, జోరిగ భ గణం. రెండూ ఇంద్రగణాలే, రెండూ చెల్లుతాయి. నోటి మీద నిలిచిన పద్యం కదా, వాళ్ల నాన్నగారి పలుకే పాతదేమో!

గన్నవరం: పశువైద్యం చదువుతున్నాను, ఫొటో సంగతి చెబుతాను. రెక్కలు ఒకటే జత. రెండో జత ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి బొడిపెలు. అంటే అసలైన ఈగే. తేనెటీగకు నాలుగు రెక్కలు, అది వేరే వర్గం. కళ్ల మధ్య ఎడం ఉంది కాబట్టి ఆడది. మగవాటికి కళ్లు నెత్తిన కలిసిపోతాయి. రక్తం తాగేది ఆడదే. టబానస్ అనే రక్తం తాగే ఈగల జాతి అనిపిస్తోంది. బతికుండగా కళ్ల మీద రంగు చారలున్నాయా? చచ్చాక వెలిసిపోతాయి. మీసాలు దగ్గరగా తీసి పెట్టండి, మూడో కణుపు చివర అడ్డగీతలు కనిపించాలి.

పొన్నూరు: మా వైపు జోరీగంటే అది కాదు తమ్ముడూ. ఎద్దు తోక కింద పట్టుకుని ఉండే బల్లపరుపు ఈగ. వేళ్ల మధ్య నలిపినా చావదు, పక్కకి పాకుతుంది.

తెనాలి: పాకేదానికి జోరెక్కడిది? జోరుమంటేనే జోరీగ.

మంగళగిరి: అయినా గేదె మీది అంత పెద్ద ఈగ మనిషి చెవిలో పడుతుందా? చెవి దగ్గర మోత అనే అర్థం చెప్పుకోవాలి.

పొన్నూరు: ఒప్పుకోను. రాయి చెప్పులోనే ఉంది, నలుసు కంటిలోనే ఉంది. జోరీగ ఒక్కదాన్నే బయట తిప్పుతాడా వేమన?

తెనాలి: పురుగుని దగ్గరగా చూడటమంటే మన వినుకొండ జాషువా గారిదండీ. సాలీడు మీద ఖండిక రాశారు. ఆ పద్యాలు చదివాక గూడు దులపడానికి నాకు చెయ్యి రాదు.

మంగళగిరి: నాకు ఆయన గిజిగాడు ఖండిక ఇంకా ఇష్టం. కానీ ఆయన పద్యమంతా పెట్టి కట్టేదాన్ని వేమన ఒక్క మాటలో కుట్టించాడు.

బ్రాడీపేట: పచ్చటి చారలు నేను చూశానండీ, ఇప్పుడు లేవు. మీసాలు పొద్దున వెలుగులో తీస్తాను. పల్నాడు వైపు 'జోరిగ' అనడం ఎవరైనా విన్నారా?