కే-ఆన్! కథ జరిగేది టొయొసాతోలోనేనా?

తంత్రి:
బడిలో సంగీత బృందం నడిపే అమ్మాయిల కథతో సాగే జపాన్ యానిమే (యానిమేషన్) ధారావాహిక కే-ఆన్! గురించి తెలుగులో ఒక పరిచయ వ్యాసం సిద్ధం చేస్తున్నాను. కథ జపాన్‌లోని షిగా ప్రిఫెక్చర్‌కు (రాష్ట్రం వంటి పాలనా విభాగం) చెందిన టొయొసాతో అనే చిన్న పట్టణంలో జరుగుతుందని, అక్కడి పాత పాఠశాల భవనాన్ని కూల్చివేత నుంచి ఈ యానిమేయే కాపాడిందని చాలాచోట్ల చదివాను. మొదటి సీజన్ భాగాల సంఖ్యను మాత్రం ఒకరు 12 అని, మరొకరు 14 అని రాస్తున్నారు. తెలిసినవారు సరిచూడగలరా?

మెట్లదారి:
టొయొసాతో అని నిస్సంకోచంగా రాయండి. ఆ భవనపు ఫోటోలను, యానిమేలోని బడిని పక్కపక్కన పెట్టి చూస్తే అనుమానానికి తావే ఉండదు. మెట్ల పిట్టగోడ మీద కుందేలు, తాబేలు కంచు బొమ్మలున్నాయి. కింద రెండూ బయలుదేరుతాయి, నడుమ కుందేలు నిద్రపోతుంది, పైకి చేరేసరికి తాబేలు గెలుస్తుంది. యానిమేలోనూ మన అమ్మాయిలు ఎక్కే మెట్ల మీద ఆ బొమ్మలే కనిపిస్తాయి. మూడో అంతస్తులోని సంగీతపు గదిలో అభిమానులు యానిమేలోలాగే బల్లలు కలిపి, టీ కప్పులు సర్దిపెట్టారు కూడా. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

నేపథ్యం:
మెట్లదారి గారూ, మీరు చూపిన సాక్ష్యం బలమైనదే, కానీ అది నిరూపించేది బడి భవనానికి నమూనా ఏదన్న సంగతిని మాత్రమే. కథ ఏ ఊళ్ళో జరుగుతుందన్నది వేరే ప్రశ్న. బడి పేరు సకురగావోక బాలికల ఉన్నత పాఠశాల అని యానిమే చెబుతుంది గానీ, ఊరి పేరు ఎక్కడా చెప్పదు. టొయొసాతోలోని అసలు భవనమేమో ప్రాథమిక పాఠశాలది.

రెండో సీజన్ నాలుగో భాగాన్ని గుర్తు చేసుకోండి. మూడో సంవత్సరం విద్యార్థినులు విహారయాత్రకు షింకన్‌సెన్ (బులెట్ రైలు) ఎక్కి క్యోటో వెళ్తారు, కింకకుజి స్వర్ణ మందిరం చూస్తారు, కితానో తెన్మాంగు గుడిలో పరీక్షల కోసం మొక్కుకుంటారు, రాత్రికి సత్రంలో బస చేస్తారు. టొయొసాతో నుంచి క్యోటోకు మామూలు రైలులో గంటకు అటూఇటూగా చేరుకోవచ్చు. అక్కడి బడి తన పిల్లలను యాత్ర పేరుతో బులెట్ రైలులో క్యోటో తీసుకువెళ్ళి సత్రంలో ఉంచుతుందా? కథలోని ఊరు క్యోటోకు చాలా దూరంలో ఉందని ఆ ఒక్క భాగమే తేల్చేస్తుంది.

ఇక భవనాన్ని యానిమేయే కాపాడిందన్న రెండో వాక్యాన్ని తప్పక తీసేయండి. ఆ బడిలోనే చదువుకుని మరుబెని వ్యాపార సంస్థలో పెద్ద పదవికి చేరిన ఫురుకావా తెత్సుజిరో ఇచ్చిన విరాళంతో, విలియం మెరెల్ వోరీస్ రూపకల్పనలో 1937లో కట్టిన భవనమది. పట్టణ పాలకవర్గం దాన్ని కూల్చాలని చూసినప్పుడు ఊరివాళ్ళు ఎదురుతిరిగి కోర్టుకు వెళ్ళారు. 2002 డిసెంబరులో ఒత్సు జిల్లా కోర్టు కూల్చివేతను ఆపమని ఆదేశించింది. యానిమే ప్రసారం మొదలైంది 2009 ఏప్రిల్‌లో. కాపాడిన ఘనత ఊరివాళ్ళదే. ఆ పోరాటాన్ని చెరిపేసి పుణ్యమంతా ఒక టీవీ కార్యక్రమానికి కట్టబెట్టడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

మెట్లదారి:
రెండో వాక్యం విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. మొదటిదాని విషయంలో మాత్రం కాదు. ఒక్క విహారయాత్ర భాగం కోసం, రెండు సీజన్ల పొడవునా మన కళ్ళ ముందు నిలిచిన గదులను, మెట్లను కాదనుకోవాలా? ప్రేక్షకుడికి కథాస్థలమంటే తెర మీద కనిపించే చోటే.

నేపథ్యం:
అలాగైతే బడి గేటు దాటిన తరువాత ఏమంటారు? ఆ అమ్మాయిల్లో ఒకరైన యుయి గిటారు కొనే దుకాణం క్యోటో సంజో వీధిలోని వాద్యాల దుకాణాన్ని చూసి గీసినది. క్యోటోలోనే ఉన్న ఈజన్ రైలుమార్గంలోని షుగకుయిన్ స్టేషన్ పరిసరాలు కూడా తెర మీద కనిపిస్తాయి. మీ లెక్కన ఆ అమ్మాయిలు పొద్దున షిగాలో చదువుకుని సాయంత్రం క్యోటోలో తిరుగుతూ, మళ్ళీ అదే క్యోటోకు విహారయాత్రకు వెళ్తున్నట్టు అవుతుంది. కాకిఫ్లై అనే రచయిత మూలరచన నాలుగు గళ్ళ కామిక్. అలాంటి చిన్న గళ్ళలో వీధులకూ భవనాలకూ పెద్దగా చోటుండదు. దాన్ని టీవీకి తెచ్చినప్పుడు అమ్మాయిలు నడిచే ప్రతి చోటునూ కొత్తగా గీయాలి కాబట్టి, క్యోటో పక్కనున్న ఉజి పట్టణంలోని నిర్మాణ సంస్థ క్యోటో యానిమేషన్ తనకు దగ్గరి ప్రదేశాలను నమూనాగా తీసుకుంది. దర్శకురాలు యమదా నావోకో బృందం అక్కడా ఇక్కడా చూసిన చోట్లను కలిపి లేని ఊరిని కట్టింది. దాన్ని ఒకే పటం మీద గుర్తించబోతే వారి పనితనమే మరుగునపడుతుంది.

రీలుపెట్టె:
భాగాల లెక్క గురించి: మొదటి సీజన్‌లో టీవీలో వచ్చినవి 13, వాటిలో చివరిది అదనపు భాగం కనుక కొందరు 12 అంటారు. డిస్కులో మాత్రమే విడుదలైన మరొకదాన్ని కలిపితే 14. రెండో సీజన్‌కూ ఇదే పద్ధతి: 2010లో ప్రసారమైనవి 26, డిస్కుతో కలిపి 27.

తంత్రి:
అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను: “కథలోని ఊరి పేరు చెప్పలేదు. బడికి నమూనా టొయొసాతో పాత ప్రాథమిక పాఠశాల. వీధుల్లో పలుచోట్లకు నమూనా క్యోటో. భవనాన్ని కూల్చివేత నుంచి కాపాడినది అంతకు ముందే జరిగిన స్థానికుల పోరాటం; 2013లో అది నమోదిత సాంస్కృతిక సంపద అయింది.”

మెట్లదారి:
దీనికి నాకు అభ్యంతరం లేదు. కుందేలు, తాబేలు బొమ్మల గురించి ఒక వాక్యం చేర్చండి. నమూనా ఏదో పాఠకుడు తన కళ్ళతో తానే పోల్చుకోగలుగుతాడు.